వ్యాసం రాయించాలంటే ముందు మాట్లాడించండి

డిగ్రీ పిల్లలకు వ్యాసం రాయడం నేర్పే తోటి టీచర్ల కోసం ఇది రాస్తున్నాను. తెలుగు చెప్పేవాళ్లకే కాదు, చరిత్ర, పొలిటికల్ సైన్స్, ఎకనామిక్స్ చెప్పేవాళ్లకు కూడా. వ్యాసం అనగానే అది తెలుగు మేడమ్ పని అని అందరూ వదిలేస్తారు గానీ, పిల్లలు ఎక్కువ వ్యాసాలు రాసేది మీ సబ్జెక్టుల్లోనే.

ముందు వాళ్లు ఎక్కడి నుంచి వస్తున్నారో చూద్దాం. పదో తరగతి నుంచి ఇంటర్ దాకా వాళ్లకు తెలిసిన వ్యాసం ఒకటే. పైన ఉపోద్ఘాతం, కింద ముగింపు, మధ్యలో ఆరో ఏడో సైడ్ హెడ్డింగులు, ప్రతి హెడ్డింగు కింద స్కేలుతో ఒక గీత, గీత కింద గైడులో బట్టీ పట్టిన నాలుగు లైన్లు. చూడ్డానికి పద్ధతిగానే ఉంటుంది. కానీ అందులో మూడో హెడ్డింగు తీసి ఐదో చోట పెట్టండి, ఏ తేడా రాదు. రెండో దాన్ని పూర్తిగా కొట్టేయండి, అప్పుడూ ఏ తేడా రాదు. సంచిలో ఉల్లిగడ్డలు ఎటు కదిపినా అవి ఉల్లిగడ్డలే కదా, అలా ఉంటుంది ఆ వ్యాసం. పిల్లల తప్పేం లేదు ఇందులో, మార్కులు దానికే వేశాం కాబట్టి వాళ్లు అదే నేర్చుకున్నారు.

ఇదే పిల్లలను హాస్టల్ మెస్ గురించి అడిగి చూడండి. "పప్పు నీళ్లలాగా ఉంటుంది మేడమ్" అని మొదలుపెడతారు, ఎందుకంటే అని కారణం చెబుతారు, నిన్న రాత్రి జరిగింది ఉదాహరణగా తెస్తారు, పక్కవాడు "అంత దరిద్రంగా ఏం లేదులే" అంటే వాడికి జవాబు చెబుతారు, తిరిగి మొదటి మాట దగ్గరికే వస్తారు. వ్యాసానికి కావాల్సినవన్నీ అందులో ఉన్నాయి. వాళ్లకు వాదించడం వచ్చు. కాగితం మీద కూడా వాదించవచ్చని ఎవరూ చెప్పలేదు, అంతే. నేను చెప్పబోయేదంతా ఈ నమ్మకం మీదే నడుస్తుంది, అందుకే నా క్లాసులో మొదటి వారం ఎవరినీ పెన్ను ముట్టుకోనివ్వను.

అంశం కాదు, ప్రశ్న ఇవ్వండి

"పర్యావరణ పరిరక్షణ", "వరకట్న సమస్య", "చెరువులు" అని బోర్డు మీద రాస్తే పిల్లలు ఏం చేస్తారు? దాని గురించి తెలిసిందంతా పోసేస్తారు. మనం అడిగిందే అది. వ్యాసం కావాలంటే ప్రశ్న కావాలి, అది కూడా ఇద్దరు తెలివైనవాళ్లు రెండు రకాలుగా జవాబు చెప్పగలిగే ప్రశ్న కావాలి. "చెరువులు" అంశం. "మన ఊళ్లలో చెరువులు ఎందుకు పాడయ్యాయి?" అనేది ప్రశ్న. వానలు తగ్గాయని ఒకరంటారు, బోర్లు వచ్చాయని ఒకరంటారు, శిఖం భూములు, అంటే చెరువు నీళ్లు నిలిచే భూములు, కబ్జా అయ్యాయని ఇంకొకరంటారు, ఇక అక్కడి నుంచి పని మొదలవుతుంది.

నేను ప్రతి ఏడాదీ చెరువుల ప్రశ్ననే తీసుకుంటాను. తెలంగాణలో దాదాపు ప్రతి పిల్లకూ, పిల్లాడికీ ఏదో ఒక చెరువు తెలుసు. తూము, అలుగు, కట్ట, ఆయకట్టు, పూడిక, ఈ మాటలు పుస్తకం చూడకుండానే వస్తాయి. విషయం కొత్తదైతే పిల్లల శక్తంతా విషయానికే పోతుంది, నిర్మాణానికి ఏమీ మిగలదు. అందుకే మొదటి వ్యాసానికి గ్లోబలైజేషన్ లాంటివి ఇవ్వకండి. మీ దగ్గర చెరువులు లేకపోతే మరొకటి తీసుకోండి. సముద్రం పక్కన ఉంటే చేపలవేట నిషేధం రోజులు, ఊళ్లో మగ్గాలుంటే మగ్గాలు.

ఒక్క వాక్యం

ఇక్కడే ఎక్కువ రోజులు ఆగండి. నేను రెండు మూడు పీరియడ్లు పూర్తిగా దీనికే ఇస్తాను.

పిల్లలను ఇద్దరిద్దరుగా కూర్చోబెడతాను. ఒకరు ఒక నిమిషం పాటు చెరువులు ఎందుకు పాడయ్యాయో చెప్పాలి. రెండోవారు మధ్యలో మాట్లాడకుండా విని, "నువ్వు అనేది ఏంటంటే..." అని ఒక్క వాక్యంలో తిరిగి చెప్పాలి. మొదటివారు "అవును, అదే" అంటే ఆ వాక్యం నోట్‌బుక్‌లో రాసుకోవాలి. "కాదు, నేను అన్నది అది కాదు" అంటే ఇంకోసారి. చాలా జంటలు మూడు నాలుగుసార్లు తిరుగుతాయి. ఆ తిరగడమే పాఠం, తొందరపెట్టకండి. తను ఏం అనాలనుకుంటోందో తనకే అప్పటిదాకా స్పష్టంగా తెలియదని పిల్లకు మొదటిసారి తెలిసేది అక్కడే.

తర్వాత కొన్ని వాక్యాలు బోర్డు మీదికి ఎక్కించి పరీక్ష పెడతాం. పరీక్ష చాలా సులువు: ఈ మాటకు ఎవరైనా "కాదు" అనగలరా?

"చెరువులు మన ప్రాణాధారం." ఎవరు కాదంటారు? ఎవరూ కాదనలేని మాటను నిరూపించాల్సిన పని లేదు, కాబట్టి దాని మీద వ్యాసం నిలబడదు. "చెరువులు పాడవడానికి అనేక కారణాలు ఉన్నాయి." ఇదీ అంతే, పైగా రాసేవాళ్లు ఇంకా ఏమీ తేల్చుకోలేదని చెబుతోంది. "చెరువులు పాడయ్యింది వానలు లేక కాదు, వాటిని చూసుకునే మనిషి లేక." దీనికి కాదనేవాళ్లు ఉంటారు, క్లాసులోనే ఉంటారు, వెనక బెంచీ నుంచి వెంటనే చెయ్యి లేస్తుంది. ఈ చివరి వాక్యం నాకు ఇచ్చింది ఒక మొదటి సంవత్సరం అమ్మాయి, వాళ్ల తాత నీరటి పని, అంటే ఊరి చెరువును, దాని నీళ్లను చూసుకునే పని చేసేవాడట. అప్పటి నుంచి అన్ని బ్యాచ్‌లకూ దాన్నే నమూనాగా చూపిస్తున్నాను.

దీన్ని ఏమని పిలవాలి అని అడుగుతారు. ప్రతిపాదన అనొచ్చు, వాదన అనొచ్చు. నేను "నీ మాట" అంటాను. "ఇందులో నీ మాట ఏదమ్మా?" అని అడిగితే పిల్లలు వేలు పెట్టి చూపించగలగాలి. చూపించలేకపోతే మిగతా ఏ తప్పూ దిద్దాల్సిన పని లేదు, వెనక్కి వెళ్లి ఈ పని మళ్లీ చేయించాలి.

పేరా అంటే ఒక పని

పేరా ఎక్కడ మార్చాలి మేడమ్ అని అడిగితే, పది లైన్లకు ఒకటి అని చెప్పే రోజులు నావీ ఉన్నాయి, అది తప్పు. ఒక పేరా ఒక పని చేస్తుంది, పని అయ్యాక ఆగుతుంది. మొదటి వాక్యం ఆ పని ఏంటో చెబుతుంది, తర్వాతివి దానికి ఆధారం చూపిస్తాయి, చివరిది దాన్ని తిరిగి "నీ మాట"కు ముడివేస్తుంది. ఆ ముడికి తెలుగులో మంచి మాట ఉంది: "అంటే". బోర్డు మీద నేను రాసి చూపించే పేరా ఇది:

"నీరటి వ్యవస్థ పోవడం చెరువుకు తగిలిన పెద్ద దెబ్బ. తూము ఎప్పుడు తీయాలి, ఏ మడికి ఎంత నీరు వదలాలి, కట్ట ఎక్కడ బలహీనపడింది అన్నది ఊళ్లో నీరటి చూసుకునేవాడు. ఆ పనికి రైతులు పంటలో కొంత గింజలు ఇచ్చేవారు. బోర్లు వచ్చాక చాలామంది రైతులకు చెరువు నీటితో అవసరం తగ్గింది, నీరటికి గింజలు కొలిచేవాళ్లూ తగ్గారు. అంటే చెరువు ఎండిపోవడానికి ముందే దాన్ని రోజూ చూసే కన్ను పోయింది."

ఈ పేరాలో ఏ వాక్యం ఏం చేస్తోందో పిల్లల చేతే చెప్పించండి. తర్వాత మధ్యలో ఒక వాక్యం ఇరికించండి, "చెరువుల్లో చేపలు కూడా పెంచుతారు" అని. నిజమే కదా, మరి ఎందుకు పంటి కింద రాయిలా తగులుతోంది? దానికి ఈ పేరాలో పని లేదు కాబట్టి. పిల్లలు ఆ రాయిని పట్టుకోగలిగితే సొంత రాతలో కూడా పట్టుకుంటారు.

ఆధారాల విషయంలో నేను అందరినీ అడిగేది ఒకటే ప్రశ్న: "అయితే ఏంటి?" కటువుగా వినిపిస్తుంది కాబట్టి నవ్వుతూ అడగండి. ఒక అబ్బాయి రాశాడు: "రామప్ప గుడి శాసనం 1213 నాటిది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు ఆ గుడి కట్టించాడు. రామప్ప చెరువు కూడా ఆ కాలం నాటిదే." అన్నీ సరైనవే. అయితే ఏంటి? కాసేపు ఆలోచించి కింద ఇలా చేర్చాడు: "ఎనిమిది వందల ఏళ్లు దాటినా రామప్ప, పాకాల చెరువుల కింద ఇంకా పంటలు పండుతున్నాయి. అంటే మట్టికట్టను పాడుచేసేది దాని వయసు కాదు." చూడండి, అప్పటిదాకా జనరల్ నాలెడ్జ్ బిట్టులా ఉన్నది ఒక్కసారిగా వాదనలోకి వచ్చేసింది. పిల్లల దగ్గర సమాచారం లేదని మనం అనుకుంటాం గానీ, చాలాసార్లు సమాచారం ఉంటుంది, దాన్ని ఏదో ఒకదానికి కట్టేసే తాడు ఉండదు.

ఇంకో అభ్యాసం చెబుతాను, దీనికి ఒక కత్తెర చాలు. ఒక మంచి వ్యాసాన్ని, పత్రికలో ఎడిట్ పేజీ వ్యాసమైనా సరే, జిరాక్స్ తీసి పేరాలుగా కత్తిరించి కలిపేసి నలుగురైదుగురు ఉన్న గుంపుకు ఒక సెట్టు ఇవ్వండి. వరస పెట్టమనండి. ఎందుకు అదే వరస అని అడగండి. "ఇక్కడ 'అయినా' అని మొదలైంది కాబట్టి ముందు ఏదో ఒప్పుకొని ఉండాలి మేడమ్" అని వాళ్లే చెబుతారు. ఆ తర్వాత గైడులోని వ్యాసాన్ని అలాగే కత్తిరించి ఇవ్వండి. ఎలా పెట్టినా సరిపోతుంది. నేను గంటసేపు చెప్పినా ఎక్కనిది ఈ రెండు కట్టలు పక్కపక్కన పెడితే ఎక్కుతుంది.

పూర్వపక్షం

ఎదుటివాడి వాదనను వ్యాసంలోకి తీసుకురావాలి అనగానే ఇదేదో ఇంగ్లీషు పద్ధతి అనుకుంటారు. మన శాస్త్ర గ్రంథాల్లో ఎప్పటినుంచో ఉన్నదే. వేదవాక్యాల అర్థం తేల్చే మీమాంస శాస్త్రంలో ఒక అధికరణం, అంటే ఒక అంశం మీద చర్చ, విషయంతో మొదలై, సంశయం దాటి, పూర్వపక్షం, అంటే ఎదుటివాడి వాదన చెప్పి, ఆ తర్వాతే సిద్ధాంతానికి వస్తుంది. ముందు ఎదుటివాడు ఏమంటాడో చెప్పకుండా నీ నిర్ణయం చెప్పడానికి వీల్లేదు. ఈ మాట చెబితే పిల్లల కళ్లల్లో ఒక గౌరవం కనిపిస్తుంది, ఇది మన వస్తువే అన్నట్టు.

పిల్లలు ఇక్కడ చేసే తప్పు ఒకటి ఉంది. పూర్వపక్షాన్ని బలహీనంగా రాసి తేలిగ్గా కొట్టేస్తారు. "కొందరు మూర్ఖులు వానలే కారణమంటారు" అని రాస్తారు. అలా వద్దు. అవతలివాళ్లు చదివి "అవును, మేం అనేది సరిగ్గా ఇదే" అనేలా రాయాలి. వానలు తగ్గిన ఏళ్లలో చెరువులు నిండలేదన్నది నిజమే, అది ఒప్పుకోవాలి. ఒప్పుకొని, మంచి వాన పడ్డ ఏడాదైనా పూడిక నిండిన చెరువులో నీళ్లు ఎన్నాళ్లు నిలుస్తాయి, గండి పడ్డ కట్ట ఏం ఆపుతుంది అని అడగాలి. ఇంకో పిల్ల ఇంకా గట్టి పూర్వపక్షం తెచ్చింది: 2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టి 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని లక్ష్యం పెట్టుకున్నారు కదా, మనిషి లేకపోయినా ప్రభుత్వం చూసుకుంటుంది కదా అని. దానికి జవాబు రాయడానికి క్లాసు మొత్తానికి ఒక పీరియడ్ పట్టింది. పూడిక తీయడం ఒకసారి చేసే పని, తూము చూసుకోవడం రోజూ చేసే పని, ఈ రెండూ ఒకటి కావు అన్న దగ్గరికి చివరికి వచ్చారు. ఆ పీరియడ్ నాకు ఇప్పటికీ గుర్తుంది, బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు.

సరిగ్గా వాదించి చివరికి తన మాటే మార్చుకున్న పిల్లలూ ఉంటారు. మార్చుకోనివ్వండి. మొదటి వాక్యం కొట్టేసి కొత్తది రాసుకోమనండి.

ఉపోద్ఘాతం ఆఖర్న

ఉపోద్ఘాతం చివర్లో రాయించండి. మొదటే రాయమంటే "అనాది కాలం నుండి మానవుడు..." తప్ప ఇంకేం వస్తుంది, లోపల ఏం ఉందో ఇంకా తెలియదు కదా. "నేటి ఆధునిక సమాజంలో" కూడా నా క్లాసులో నిషేధం. మిగతాదంతా రాశాక, ప్రశ్న ఏంటి, నా మాట ఏంటి, ఎటు నుంచి వెళ్తున్నాను అని నాలుగైదు వాక్యాలు చాలు. ముగింపు కూడా అంతే. "కావున ప్రభుత్వం తగు చర్యలు తీసుకోవాలి" అనే వాక్యం లేకుండా ముగించమనండి, మొదట్లో తెల్లబోతారు, తర్వాత అలవాటవుతుంది.

భాష గురించి కొంచెం

వ్యాసం అనగానే పిల్లలు తమ భాష వదిలేసి "గావించబడినది", "ఒనర్చుచున్నది" అని మొదలుపెడతారు. ఆలోచన సగం అక్కడే చచ్చిపోతుంది. పిల్లలను వాడుక భాషలో రాయనివ్వాలని గిడుగు రామమూర్తి గారు జీవితమంతా పోరాడారు, ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుతాం, దండలు వేస్తాం, మర్నాడు క్లాసుకు వెళ్లి "ఇది పుస్తక భాషలో లేదు" అని మార్కులు తగ్గిస్తాం. ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది. మాట్లాడే తెలుగుకు దగ్గరగా, వ్యాకరణం చెడకుండా రాస్తే చాలు. ఊరి మాటలు రావాలి. "అలుగు" అని రాసినా "మత్తడి" అని రాసినా రెండూ సరైనవే.

"మరియు" మీద ఒక మాట. ఇంగ్లీషు వాక్యాన్ని మనసులో పెట్టుకుని రాస్తే పేజీకి పది "మరియు"లు వస్తాయి. చెరువులు, కుంటలు అంటే సరిపోతుంది, చెరువులూ కుంటలూ అన్నా సరిపోతుంది. ఇక పేరాకో "అంతేకాకుండా" కనబడితే అది ప్రమాద సూచన: ఆ పిల్లాడు వాదించడం లేదు, పేరుస్తున్నాడు. "అయినా", "అందువల్ల", "అంతమాత్రాన", "నిజానికి" ఇవి పడుతున్నాయంటే ఆలోచన కదులుతోందని అర్థం.

ఎవరు చెప్పారో రాయడం కూడా మొదటి వ్యాసం నుంచే అలవాటు చేయండి. "పెద్దలు అన్నారు" చాలదు. ఏ పుస్తకం, ఏ పత్రిక, ఏ తేదీ. తాతను అడిగి తెలుసుకుంటే "మా తాత, ఆయన ఇన్నేళ్లు ఈ పని చేశారు" అని రాయాలి, అది కూడా ఆధారమే. వాట్సాప్‌లో వచ్చిందాన్ని మాత్రం ఇంకోచోట చూసి సరిపోల్చుకోకుండా వాడొద్దు. కాపీ సంగతి: చదివి, పుస్తకం మూసి, పక్కవాళ్లకు చెప్పి, ఆ చెప్పింది రాయమంటాను. ఇప్పుడు చాట్‌జీపీటీతో రాయించి తెస్తున్నారని అందరికీ టెన్షన్. నా దగ్గర పెద్ద ఉపాయం లేదు. మొదటి డ్రాఫ్ట్ క్లాసులోనే చేత్తో రాయిస్తాను, తర్వాత ఇద్దరు ముగ్గురిని పిలిచి "ఈ పేరా ఇక్కడెందుకు పెట్టావు?" అని అడుగుతాను. సొంతంగా రాసినవాళ్లు తడబడుతూనైనా చెబుతారు.

దిద్దడం

కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు నేను ప్రతి కాగితం మీదా ప్రతి తప్పూ దిద్దేదాన్ని. ఒత్తులు, దీర్ఘాలు, వాక్యాలు, చేతిరాత, అన్నీ. అరవై కాగితాలు, రెండు రాత్రులు. ఒక అమ్మాయి తన కాగితం చూసుకుని మడిచి బ్యాగులో పెట్టుకుంది, ఆ సెమిస్టర్‌లో మళ్లీ ఒక్కటీ రాయలేదు. ఎర్ర సిరా అంతా చూశాక ఆ పిల్లకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఇప్పుడు ఒక్కో విడతలో ఒక్కటే చూస్తాను. మొదటిసారి "నీ మాట" ఉందా లేదా, అంతే. రెండోసారి ప్రతి పేరాలో మొదటి వాక్యాలు మాత్రమే చదువుతాను, అవి వరసగా చదివితే ఒక కథలా సాగుతున్నాయా అని. మూడోసారి ఆధారాలు. అక్షరదోషాలు చివరి విడతలోనే. మార్జిన్‌లో తీర్పులు కాకుండా ప్రశ్నలు రాస్తాను, రెండుకు మించకుండా: "ఇది నీకెలా తెలుసు?", "కాదంటే ఏం చెబుతావు?" ఇలా చేస్తే ఒక కాగితానికి మూడు నాలుగు నిమిషాలకు మించదు. ఇంటర్నల్ మార్కులు తిరగరాసిన కాగితానికే వేస్తాను. ఇది మొదటి రోజే చెప్పేయండి, లేకపోతే తిరగరాయడం శిక్ష అనుకుంటారు.

పరీక్ష సంగతేంటి, అక్కడ సైడ్ హెడ్డింగులు లేకపోతే మార్కులు వేయరు కదా అని పిల్లలు అడుగుతారు. న్యాయమైన భయం. హెడ్డింగులు పెట్టుకోమంటాను, కానీ "కారణాలు" అని కాకుండా "చూసే మనిషి పోయాడు" అని, అంటే హెడ్డింగే ఆ పేరా చెప్పే మాట అయ్యేలా. దిద్దేవాళ్లకూ సులువు, రాసేవాళ్లకూ దారి తప్పదు. గ్రూప్-1 రాయాలనుకునే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. మెయిన్స్‌లో జనరల్ ఎస్సే పేపర్ 150 మార్కులు, మూడు గంటల్లో మూడు వ్యాసాలు, అంటే ఒక్కోదానికి గంట. ఆ గంటలో మొదటి పది నిమిషాలు జవాబు మొదలుపెట్టకుండా రఫ్ పేజీలో ప్రశ్న, నీ మాట, పూర్వపక్షం, నాలుగైదు పేరాల మొదటి వాక్యాలు రాసుకోమని చెబుతాను. పక్కవాళ్లు అప్పటికే రెండో పేజీలో ఉంటారు, చెయ్యి ఆగదు, కాబట్టి ఈ పది నిమిషాలు కూర్చోవడం కూడా సాధన చేయించాల్సిందే. నేను క్లాసులో గడియారం బల్ల మీద పెట్టి, పది నిమిషాలు అయ్యేదాకా ఆన్సర్ షీట్లు పంచను.